మార్త చెప్పిన మూడో సంగతి

మూడో సంగతి పోయింది పోయినేడు ఫిబ్రవరిలో, ఒక మంగళవారం పొద్దున ఏడుంబావుకు. మనిషి పోయింది అదే రోజు పదిన్నర దాటినంక. బాల్‌రాజ్ సారు మనసులో ఈ రెండూ ఎప్పుడూ ఇదే వరుసలో వస్తాయి, ముందు సంగతి, తరవాత మనిషి. ఎందుకంటే భార్య మార్త పోవడంలో అతని తప్పేమీ లేదని, గుండె అట్లా ఆగుతుందని ఎవరూ పసిగట్టలేరని డాక్టర్లు చెప్పారు. సంగతి పోవడంలో తప్పంతా అతనిదేనని మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. అతను తెలుగు పంతులు. ఇరవై ఏడేళ్లుగా వెనక బెంచీ వాళ్లను లేపి, ఇప్పుడు నేనేం చెప్పానురా, అని అడుగుతున్నవాడు. ఆ ప్రశ్న వేయడానికి నోరు రాక పదిహేను నెలలయింది. వెనక బెంచీ చాలా సుఖంగా ఉంది.

ఇవాళ మే నెల పన్నెండో తేదీ, నర్సుల దినోత్సవం. తాండూరు బస్టాండులో వికారాబాద్ బస్సెక్కితే వెనక చక్రం మీది సీటు ఒక్కటే మిగిలింది, మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని కూర్చున్నాడు. బస్సు నిండా టికెట్ అక్కర్లేని ఆడవాళ్లు, ఆధార్ కార్డులు విసనకర్రల్లా ఊపుకుంటున్నారు. కండక్టర్ పద్మారాణి ముందునుంచి కేకేసింది, "మగోళ్లు ఎంతమందున్నరు? చేతులు లేపుండ్రి, మీకే టికెట్!" నలుగురు చేతులెత్తారు, లెక్కలు చెయ్యని పిల్లల్లాగా. బాల్‌రాజ్ సారు కూడా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దించేటప్పుడు జేబు మీద పడింది, జేబులో కాగితం ఉంది, ఉన్నదీ లేనిదీ చూసుకోవడం పొద్దుటినుంచి ఇది తొమ్మిదోసారి. మూడు నిమిషాలు మాట్లాడితే చాలు సార్, అని నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ మనోరమ మేడం ఫోన్లో చెప్పింది, మార్త సిస్టర్ పేరు మీద పురస్కారం ఇస్తున్నాం, మీరొచ్చి తీసుకోవాలి. మొదటిసారి రాస్తే ఆరు పేజీలు వచ్చాయి. పిల్లల వ్యాసాలు దిద్దినట్టు దిద్దాడు. సేవామూర్తి అన్నది కొట్టేశాడు, మార్త ఏనాడూ మూర్తిలా ఒకచోట నిలబడింది లేదు. కరుణామయి కొట్టేశాడు, మాత్ర మింగనివాడి ముక్కు మూసి మింగించేది, అదీ కరుణే కావచ్చుగానీ మింగినవాడు ఒప్పుకోడు. దీపం పట్టిన దేవత కొట్టేశాడు, కరెంటు పోతే ఆమె పట్టేది సెల్‌ఫోన్ లైటు, దేవత అన్నవాణ్ని ముందు ఆ సెలైన్ సీసా పట్టుకొమ్మనేది. పదకొండోసారికి కాగితం మీద ఒక్క వాక్యం మిగిలింది. ఆమె చివరిసారి చెప్పింది నేను వినలేదు. ఒక్క వాక్యాన్ని మూడు నిమిషాలు చెప్పాలంటే మధ్యలో ఎన్నిసార్లు నీళ్లు తాగాలో లెక్క కట్టుకున్నాడు. రెండొందల మంది నర్సుల ముందు, వినడమే సగం ఉద్యోగమైన వాళ్ల ముందు, మైకులో. చెప్పగలడా? చెప్పకుండా ఆ పురస్కారం చేతిలో పట్టుకోగలడా? అది కూడా తెలియదు.

బస్సు కదిలింది. బండల లారీ ఒకటి అడ్డం వచ్చింది, మళ్లీ ఆగింది. మార్త ఏ పనీ అప్పజెప్పకుండా గడప దాటేది కాదు, అదీ చిక్కు. వార్డులో డ్యూటీ దిగే నర్సు ఎక్కే నర్సును వెంటబెట్టుకొని మంచం మంచానికీ తిరిగి చెప్పాలి, ఈమె జ్వరం దిగింది, ఈయన సెలైన్ సగమైంది, ఆ మూలాయన మాత్ర మింగినట్టు మొహం పెట్టి దిండు కింద దాస్తాడు. విన్నామె తిరిగి అప్పజెప్పాలి. అప్పుడే మొదటామె ఇంటికి పోవాలి. హ్యాండోవర్ అంటారు దాన్ని. మార్త ఇంటిని కూడా అట్లాగే అప్పజెప్పేది, భుజాన సంచి వేసుకొని, ఒక కాలు చెప్పులో పెట్టి, మూడు వేళ్లు చూపించి. మూడే సంగతులు. రెండుతో ఆపేది కాదు, నాలుగోదానికి పోయేది కాదు. కూతురు హాసిని చిన్నప్పుడు, ఒకటి, పిల్లకు ఆరుగంటలకు జ్వరం నూటొకటి. రెండు, తొమ్మిదింటికి సగం చెంచా మందు. మూడు, గోరెచ్చని నీళ్లతో తుడువు. తిరిగి చెప్పు. పెళ్లయిన కొత్తలో ప్రార్థన చెప్పినట్టు తిరిగి చెప్పేవాడు. రెండో ఏడు క్లుప్తంగా చెప్పేవాడు. ఐదో ఏటికి అన్నిటికీ కలిపి ఒక్క మాట దొరికింది, సరే. ఎంత మంచి మాట అది, రెండే అక్షరాలు, తల ఊపుతూ అంటే విననివాడు కూడా విన్నట్టే ఉంటాడు. చెప్పుల చప్పుడు, గేటు చప్పుడు, ఇల్లు అతని డ్యూటీలోకి వచ్చేసేది.

ఆ మంగళవారం కూడా సరే అన్నాడు. ఒకటి, పాలు కాగబెట్టిన, సల్లారినంక ఫ్రిజ్జుల పెట్టు. ఇది విన్నాడు. రెండు, గ్యాస్ బుడ్డి వస్తది, పాతది బయట పెట్టు. ఇదీ విన్నాడు. ఆ తరవాత ఆమె నోరు కదిలింది, మూడో వేలు కూడా కనబడింది, అంత వరకు గుర్తుంది, ఆ వేలికి కొద్దిగా అయోడిన్ మరక ఉండటం కూడా గుర్తుంది. మాట లేదు. ఆ సమయంలో అతని చేతిలో పదో తరగతి జవాబు పత్రం ఉంది. సెలవు చీటీ రాయమన్న ప్రశ్నకు ఒక మహానుభావుడు, మా తాత మళ్లీ చనిపోయినందున రెండు దినములు సెలవు ఇప్పించగలరు, అని రాశాడు. వాక్య నిర్మాణంలో లోపం లేదు. గౌరవ వాచకం ఉంది. కింద విధేయుడు ఉన్నాడు. ఆ మళ్లీకి అర మార్కు కొట్టేయాలా వద్దా? నిజం చెప్పని వాక్యానికి భాషలో మార్కు తగ్గించే అధికారం తెలుగు పంతులుకు ఉందా? ఎర్ర కలం ఆ మాట మీద గాల్లో ఆగింది. సరే, అన్నాడు. గేటు పడింది. అర మార్కు కొట్టేయలేదు. ఆ రోజు పదిన్నర దాటినంక మార్త ఆరో నంబరు మంచం దగ్గర సెలైన్ మార్చి, స్టూలు మీద కూర్చొని, పక్కనున్న విద్యార్థి నర్సుతో, ట్రే పట్టుకో బిడ్డా, అన్నదట. ఆ అమ్మాయి పట్టుకుంది. ట్రేలో ఒక్క దూది కూడా కింద పడలేదని అందరూ చెప్పుకున్నారు.

సంతాపానికి వచ్చిన పాస్టరు, మార్తమ్మను దేవునికి అప్పజెప్పినం, అన్నాడు. బాల్‌రాజ్ సారు ఆమెన్ అన్నాడుగానీ లోపల ఇంకో ఆలోచన వచ్చింది, దేవుడు తిరిగి చెప్పాడా? చెప్పకపోతే మార్త అక్కణ్నించి కదలదు.

అప్పటినుంచి వెతుకుతున్నాడు. మూడోది ఏమై ఉంటుంది? బాత్రూము కుళాయి అయి ఉంటుందని మొదట అనిపించింది, మార్పించాడు. కాదేమో, వంటింటి ఫ్యాను గరగరమంటోంది, బాగుచేయించాడు. నీళ్ల ట్యాంకు కడిగించాడు, మిద్దె పగుళ్లు పూడ్పించాడు, మెట్ల దగ్గర ఊగే తాండూరు బండ ఒకటి తీయించి కొత్తది వేయించాడు. కళ్లు పరీక్ష చేయించుకున్నాడు, షుగరు చూపించుకున్నాడు, ఊడిపోతున్న బైబిలు అట్టకు కుట్టు వేయించాడు. ప్రతి పని అయిపోయినంక గడప దగ్గర ఒక నిమిషం నిలబడి చూసేవాడు, ఇదేనా? ఇంటికి ఇంత మంచి రోజులు మార్త ఉన్నప్పుడు కూడా రాలేదు. పక్కింటివాళ్లు, పాపం సారు దుఃఖంల ఇల్లు మస్తు మంచిగ చేస్తున్నడు, అనుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న హాసిని ఫోన్లో విని విని, నాయనా, అమ్మ గంతకన్న తలుపుకు గడియ పెట్టుమని చెప్పుంటది, ఇడిసిపెట్టు, అంది. గడియ కూడా మార్పించాడు.

పెద్దేముల్ దగ్గరికొస్తోంది. ఎండ ఎడమవైపు వచ్చింది. నడుము నొప్పి మొదలైంది. పదిలో ఎంత? అది మార్త ప్రశ్న. ఇంట్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా సున్నా నుంచి పదిలోపు అంకె అడిగేది, వార్డులో అడిగినట్టే. ఒకసారి అతనికి పన్ను నొప్పి వచ్చి, గునపంతో ఆగి ఆగి తవ్వుతున్నట్టు, తవ్విన గుంతలో ఎవరో నిప్పు పోసినట్టు, అని చెప్పబోతే, "అంకె చెప్పయ్యా, గిది వ్యాసం గాదు," అంది. ఆరున్నర అన్నాడు. "అరలు లేవు." ఈ పదిహేను నెలల్లో తనను తానే చాలాసార్లు అడిగాడు, పదిలో ఎంత, అని. సెలవు రోజు ఎక్కువ. బడి రోజు తక్కువ. అన్నం వండేటప్పుడు ఒకరి కొలత పోయబోయి ఇద్దరి కొలత పోసినప్పుడు అంకె దొరకదు.

కోట్‌పల్లి దారి మలుపు వస్తే మామ అనంతయ్య గుర్తుకు రావడం మామూలే. మార్త వాళ్లది కోట్‌పల్లి, చెరువు కింద కూలికి పోయే ఇల్లు. పద్దెనిమిదేళ్లకు నర్సింగ్ బళ్లో చేరింది, మూడున్నరేళ్ల చదువు. మొదటి సెలవులకు ఇంటికొచ్చి, సూది వేయడం బత్తాయి పండు మీద నేర్పిస్తున్నారని చెబితే అనంతయ్య కూతురి మొహం చూసి, "బత్తాయికి సూదులేసుడు నేర్సేటందుకు మూడున్నరేండ్లా బిడ్డా? పండుకేం రోగమొచ్చింది?" అన్నాడట. రెండో సెలవులకు బొమ్మకు స్నానం చేయించడం నేర్చుకొని వచ్చింది, అది మాత్రం ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని ఆయన బతిమాలుకున్నాడు. మూడో సెలవులకు పక్క పరవడం నేర్చుకొని వచ్చి, నులక మంచం మీద దుప్పటి పరిచి నాలుగు మూలలూ మడతపెట్టి బిగించింది. ఆయన అందులోకి దూరి, మళ్లీ బయటికి రాలేక, "కవర్ల ఉత్తరం పెట్టినట్టు పెట్టినవ్ గదనే, ఇగ టికెట్ అంటించి పంపియ్యి," అన్నాడట. ఆ మూలల మడత బాల్‌రాజ్ సారుకు ఇరవై ఆరేళ్లయినా రాలేదు. దుప్పటి ఇప్పుడు ఎట్లా పడితే అట్లా ఉంటుంది, దాంట్లోంచి బయటికి రావడం చాలా సులువు, లేవడమే కష్టం.

ఆమె మొదటి ఉద్యోగం బొంరాస్‌పేటలో. ఎన్ని కాన్పులు చేసిందో ఆమెకే లెక్క తెలియదు. పుట్టినవాళ్లకు డాక్టరుగారి పేరు పెట్టుకున్నారు, డాక్టరుగారి భార్య పేరు పెట్టుకున్నారు, బదిలీ అయిపోయిన డాక్టరుగారి పేరు కూడా పెట్టుకున్నారు. స్వీటు డబ్బాలు డాక్టరుగారి గదికి పోయేవి, మార్త దగ్గరికొచ్చి, సిస్టర్, బాత్రూమెటు, అని అడిగేవాళ్లు. మార్త పేరు పెట్టుకున్నది ఒక్క శాంతవ్వ. అదీ బర్రె దూడకు. పశువుల డాక్టరు రాలేదని శాంతవ్వ గోల పెడితే, మనిషైనా బర్రైనా తల అడ్డం తిరిగితే తిప్పాల్సిందేనని మార్త చేతికి కొబ్బరినూనె రాసుకొని కొట్టంలోకి దిగిందట. మూడో సంగతి, బొంరాస్‌పేట పోయి శాంతవ్వను చూసి రా, అయి ఉంటుందేమోనని పోయిన దసరా సెలవుల్లో అక్కడికి కూడా పోయాడు. శాంతవ్వ ముసలిదైంది. కళ్లు తుడుచుకుంది, చాయ్ పోసింది, కొట్టం చూపించింది. "అగో గా బర్రె మా మార్త మనుమరాలు సారు, దీనిపేరు గూడ మార్తనే. పాలు మస్తిస్తది. గని మాట వినకపోతే తంతది." బాల్‌రాజ్ సారు బర్రెను చూశాడు, బర్రె అతన్ని చూసింది. ఔనమ్మా, అన్నాడు.

మూడేళ్ల కింద స్టాఫ్ నర్సు అనే పేరు తీసేసి నర్సింగ్ ఆఫీసర్ అన్నారు. మార్త వచ్చి చెబితే అతనికి ఉత్సాహమొచ్చింది, దాన్ని తెలుగులో పరిచర్యాధికారిణి అనొచ్చు మార్తా, అన్నాడు. మార్త చెప్పులు విడుస్తూ, "గా పేరు పెట్టి పిలిచేలోపట సెలైన్ ఒడుస్తది," అంది. పేరు మారినంక ఏం మారిందని అడిగితే, ఇదివరకు సిస్టర్ బాత్రూమెటు అనేవాళ్లు, ఇప్పుడు ఆఫీసర్ సిస్టర్ బాత్రూమెటు అంటున్నారని చెప్పింది. పురస్కారానికి దరఖాస్తు పెట్టుకోమని ఒక ఏడు అందరూ వెంటపడ్డారు, నాలుగు నకళ్లు, సంతకాలు, నేను ఉత్తమ సేవ చేసితిని అని స్వయంగా ప్రకటన. మార్త ఆ ఫారం మీద కూరగాయలు కోసింది. ఇప్పుడీ కాలేజీ వాళ్ల ఫారం మాత్రం అతనే నింపాడు. చివర్లో పురస్కార గ్రహీత సంతకం అని ఒక గడి ఉంది. చాలాసేపు చూసి, వీలుపడదు, అని రాశాడు. ఫ్లెక్సీ కూడా నిన్న వాట్సాప్‌లో పంపించారు, సార్ ఒకసారి చూసి చెప్పండి, అని. కళ్లజోడు తుడుచుకొని కూర్చొని చూశాడు. మూడు తప్పులు దొరికాయి, మూడూ దిద్దించాడు, మళ్లీ పంపితే మళ్లీ అక్షరం అక్షరం చదివి, అంతా సరిగ్గా ఉంది, అచ్చు వేయవచ్చు, అని రాసి కింద పేరు కూడా పెట్టాడు. ఆ పని చేసినంక కొంచెం తృప్తిగా అనిపించింది. మార్త కోసం చేసిన పనుల్లో ఒక్కటైనా తప్పులేకుండా అయింది.

ధారూరులో బస్సు ఆగింది. పక్కన కూర్చున్నామె మూటతో దిగింది. నీలం యూనిఫాం, ఎదురుగా పిన్ను పెట్టిన చిన్న గడియారం, జుట్టు ముడి, ఒక అమ్మాయి ఎక్కి ఖాళీ సీటు చూసి వచ్చి, అతన్ని చూసి, బస్సు కదులుతున్నా కడ్డీ పట్టుకోవడం మరిచిపోయి నిలబడింది.

"సార్! మీరు... మంచిగనే ఉన్నరా సార్?"

ఆ గొంతు ఎక్కడో విన్నదే. మట్టి చేసిన రోజు సమాధుల తోటలో గోడకు ఆనుకొని ఏడ్చిన పిల్ల. నిరోషా. ట్రే పట్టుకున్న పిల్ల. పదిహేను నెలలుగా ఈ అమ్మాయి కనబడకూడదని అతను ఆస్పత్రి వీధి వదిలి చుట్టూ తిరిగి కూరగాయలకు పోతున్నాడు. చివరిగా ట్రే పట్టుకొమ్మన్న మాటైనా విన్న మనిషి ఈ పిల్ల, విన్నది విన్నట్టు చేసింది, దూది కూడా పడనివ్వలేదు. ఆమె ముందు కూర్చోవడానికి మొహం చెల్లదనిపించేది. ఇప్పుడు మొహం ఎటు తిప్పినా కిటికీ, కిటికీలో కూడా ఆమె నీడే.

"బాగానే ఉన్న బిడ్డా. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"ధారూరు దవాఖానల పోస్టింగున్న, పొద్దున గ్రూపుల ఫ్లెక్సీ ఫొటో పెట్టిండ్రు సార్. మా హాస్టల్ల ఇద్దరు ఏడ్సిండ్రు గూడ, సారు గూడ పాయెనా అని."

ఫోను తీసి చూపించింది. కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీ. అలవాటు కొద్దీ ముందు అక్షరాలు చదివాడు. కీర్తిశేషులు శ్రీమతి మార్త గారికి శ్రద్ధాంజలి. ఒత్తులు సరిగ్గా ఉన్నాయి, దీర్ఘాలు సరిగ్గా ఉన్నాయి. తరవాత పైన చూశాడు. గుండ్రటి చట్రంలో, రెండు దీపాల మధ్య, పూలదండ బొమ్మ లోపల, తన మొహం. మీసం చాలా స్పష్టంగా ఉంది. హాసిని డిగ్రీ అయినప్పుడు ఇద్దరూ కలిసి దిగిన ఫొటో పంపాడు, కత్తిరించినవాడు ఈ సగం ఉంచి ఆ సగం తీసేశాడు. ఆ సగంలో మిగిలింది తన భుజం మీద మార్త వేళ్లు నాలుగు.

"నేనే చూసిన," అన్నాడు బాల్‌రాజ్ సారు నెమ్మదిగా. "అంతా సరిగ్గున్నది, అచ్చెయ్యుమని నేనే రాసిన."

నిరోషా పక్కన కూర్చుంది. నవ్వు ఆపుకోవడానికి చున్నీ లేదు, యూనిఫాం కదా, అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. "మార్త మేడం చెప్పినట్టే ఉన్నరు సార్ మీరు," అనేసి, నాలుక కరుచుకుంది.

"ఏం చెప్పింది?"

"ఏం లేదు సార్."

"నిరోషా, నేను పంతుల్ని. ఏం లేదు అన్న పిల్లలను చానమందిని చూసిన."

బస్సు అనంతగిరి ఘాటు ఎక్కడం మొదలుపెట్టింది. ముందు బండల లారీ ఒకటి మూలుగుతూ పోతోంది, దాని వెనక బస్సు మొదటి గేరులో. ఆ అమ్మాయి చేతులు ఒళ్లో పెట్టుకొని, తప్పు ఒప్పుకునే పిల్లలా కిందికి చూస్తూ చెప్పింది. కోపం చెయ్యద్దు సార్. మేడం మాకు వార్డుల ఒక పాఠం చెప్పేది. పేషెంటు వెంబడి వచ్చినోళ్లకు రెండు సంగతులే వినబడతయి, మూడోది వినబడదు, పరేషాన్ల ఉంటరు గదా, తలకాయ మాత్రం ఊపుతరు. గందుకే ముఖ్యమైంది మొదలే చెప్పాలె, చెప్పినంక తిరిగి చెప్పించుకోవాలె, సరే అంటే నమ్మద్దు. ఇది పుస్తకంల లేదు మేడం, మీకెట్ల ఎరుక అని అడిగితే, నేను ఇరవై ఏండ్లసంది పరిశోధన చేసిన బిడ్డా అన్నది. ఎవరి మీద మేడం అంటే... ఇక్కడ నిరోషా ఆగింది. ఆగనవసరం లేదు, బాల్‌రాజ్ సారుకు అర్థమైంది.

"నా మీదనా?"

"మీ మీదనే సార్. మొదటి రెండు మీరు పక్కా చేస్తరంట. మూడోది ఎప్పుడు వినలేదంట. గందుకే అవసరమున్నయి ముందే చెప్పేసి, మూడోది ఉత్తగ ఏదో ఒకటి అంటదంట, వింటరా లేదా అని. కలెక్టరు నలభై మందిని తోల్కొని బువ్వకొస్తున్నడు, వండి పెట్టు అన్నదంట. సరే అన్నరంట. పొయ్యి మీద మా నాయిన కూసున్నడు, కింద పడకుంట చూడు అన్నదంట. సరే అన్నరంట. డ్యూటీకి రాంగనే మేము అడుగుతుంటిమి సార్, మేడం ఇయ్యాల ఏమన్నరు అని. వార్డుల పేషెంట్లు గూడ నవ్వుతుండ్రి, కుట్లున్నోళ్లు నవ్వద్దని మేడమే తిట్టేది." ఒక్క క్షణం చూసి, ఇంకొంచెం ధైర్యం చేసింది. "ఇంకొకటి సార్. పేషెంటు వెంబడి వచ్చినోళ్లు ఎవరన్న వినకుంట తలకాయ ఊపితే మేము, ఈయన బాల్‌రాజ్ కేసు, తిరిగి చెప్పించు, అనుకుంటం. నాలుగు బ్యాచీలసంది గట్లనే అంటరు. ఇయ్యాల స్టేజీ మీద ఈ పాఠం గురించి చెప్పుమని మనోరమ మేడం నాకు జెప్పిండ్రు. మీ పేరు చెప్పాల్నా వద్దా అని రెండు రోజులసంది ఫికర్ చేస్తున్న."

బాల్‌రాజ్ సారు కిటికీలోంచి చూశాడు. అనంతగిరి కోతులు రోడ్డు పక్క గోడ మీద వరుసగా కూర్చొని బస్సును తనిఖీ చేస్తున్నాయి. ఇరవై ఏళ్లు. కలెక్టరుకు వండి పెట్టలేదు. మామను పొయ్యి మీదినుంచి దించలేదు. కుళాయి, ఫ్యాను, ట్యాంకు, మిద్దె, గడియ, బర్రె. ఆమె పేరు ఒక బర్రెకు ఉంది, తన పేరు ఒక జబ్బుకు ఉంది, ఇద్దరిలో ఎవరికి ఎక్కువ గౌరవం దక్కిందో చెప్పడం కష్టం. ఎవరో లోపల కట్టు విప్పుతున్నట్టుంది, మెల్లగా, చుట్టు చుట్టూ, మార్త విప్పినట్టు. ఇంకొక్క చుట్టు మిగిలింది. దాన్ని ముట్టుకోవాలంటే భయమేసింది. అడిగితే ఈ పిల్ల తెలియదనవచ్చు. తెలుసు అంటే ఆ ఒక్కరోజే అది ఉత్తమాట కాక నిజం మాటైతే? ఛాతీలో నొప్పి అనో, ఇవాళ పోబుద్ధి అయితలేదు అనో? అప్పుడు? పదిలో ఎంత? కాగితంలో ఉన్న వాక్యం జేబులోంచి చర్మానికి తగులుతోంది.

"సారూ, కాళ్లు జర లోపటికి గుంజుకోండ్రి, మనుషులు నడవాలె," పద్మారాణి అటునుంచి ఇటు పోయింది. కాళ్లు లోపలికి లాక్కున్నాడు. లాక్కొని అడిగాడు.

"ఆ మంగళవారం నాడు... మూడోది ఏమన్నదో, చెప్పిందా?"

నిరోషా గడియారం పిన్ను సరిచేసుకుంది. "చెప్పింది సార్. రాంగనే చెప్పింది. ఇయ్యాల పెద్దదే చెప్పిన, గిదన్న వింటడేమో అనుకున్న, అన్నది. గేటు కాడ ఏనుగును కట్టేసిన, నువ్వు బడికి పొయ్యేటప్పుడు దానికింత చొప్ప వేసి పో, అన్నదంట. మీరు కాగితాలు చూసుకుంట..."

"సరే అన్న."

"సరే అన్నరంట. పదింటిదాంక నవ్వింది సార్. ఆరో నంబరు ముసలాయనకు గూడ చెప్పింది. పొద్దుటి సెలైన్ ఎక్కిచ్చుకుంటనే నవ్వింది."

లారీ పక్కకు తప్పుకుంది. బస్సు గేరు మార్చి ఒక్కసారి ముందుకు దూకింది, నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు, ఎవరో పద్మారాణిని తిట్టారు, పద్మారాణి డ్రైవరును తిట్టింది. ఆ గోలలో బాల్‌రాజ్ సారు నవ్వాడు. మొదట ముక్కులోంచి వచ్చింది, తరవాత భుజాలు కదిలాయి, తరవాత చక్రం మీది సీటులో మోకాళ్లు గడ్డానికి కొట్టుకునేంత నవ్వాడు. ముందు సీటామె వెనక్కి తిరిగి చూసి, నిరోషాతో, "మీ నాయిననా బిడ్డా? మంచిగున్నడా?" అంది. నిరోషా అతని మణికట్టు పట్టుకుంది, నాడి చూసే పద్ధతిలో, మూడు వేళ్లతో. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు, కళ్లజోడులో ఏమీ లేదు. పదింటిదాకా నవ్వింది. పదింటి నుంచి పదిన్నర దాకా ఏమనుకుందో తెలియదు. పదింటిదాకా మాత్రం తెలుసు.

ఘాటు దిగి వికారాబాద్ ఇళ్లు మొదలయ్యాయి. "నీ పాఠంల నా పేరు చెప్పు," అన్నాడు. "ఇంటిపేరుతో సహా చెప్పు. సగం చెబితే మార్కులు రావు." దిగాల్సిన చోటు ఇంకా రెండు మలుపుల అవతల ఉంది. దూరంగా కాలేజీ గేటు కనబడింది, గేటు మీద తను, దండ లోపల, రెండు దీపాల మధ్య, భుజం మీద నాలుగు వేళ్లతో. కింద కుర్చీలు మోస్తున్న అమ్మాయిల్లో ఒకరిద్దరు ఫ్లెక్సీకి దండం పెట్టి పోతున్నారు. జేబులోంచి కాగితం తీశాడు. ఎర్ర కలం తీశాడు. ఆమె చివరిసారి చెప్పింది నేను వినలేదు. కొట్టేయడానికి ఏమీ కనబడలేదు, వాక్యం సరిగ్గానే ఉంది. ఎర్ర కలం జేబులో పెట్టి నల్ల కలం తీశాడు. బస్సు ఊగుతోంది, అక్షరాలు వంకర పోతున్నాయి, పోనిచ్చాడు. మైకులో చదవడానికి, ఆమెకు తిరిగి అప్పజెప్పడానికి, దాని కింద రాశాడు.

ఒకటి, పాలు చల్లారినంక ఫ్రిజ్జులో పెట్టాను. రెండు, గ్యాస్ బుడ్డి వచ్చింది, పాతది బయట పెట్టాను. మూడు, ఏనుగుకు చొప్ప ఇంకా వెయ్యలేదు.